గాజుపెట్టెలో ఊపిరి

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఖుద్దూస్ జీపు దిగేసరికి పదీ ఇరవై అయింది. దిగడానికి ముందు ఎడమ మోకాలిని రెండు చేతులతో పట్టి బయటికి పెట్టుకోవాల్సి వచ్చింది. ఎలక్షన్ బందోబస్తులో నాలుగు రాత్రులు కూర్చున్నచోటే కునికాడు తప్ప మంచం ఎక్కింది లేదు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. "ఆ ల్యాబు కేసు సాయంత్రంలోగా మూసెయ్" అని డీఎస్పీ పొద్దున ఫోనులో అన్నప్పుడు, నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనిపించింది కూడా.

తర్వాత గుర్వమ్మ స్టేషన్‌కొచ్చింది.

ఆమె మొగుడు ఐలేశం ఈ ల్యాబులోనే అటెండరు. జడ్చర్ల బయట రోడ్డు దిగి అరమైలు లోపలికి వస్తే రేకుల కప్పుతో రెండు పొడుగాటి షెడ్లు. ఒకదాంట్లో గొర్రెలు, ఇంకోదాంట్లో వాటి ఊపిరితిత్తుల మీద ప్రయోగాలు. గురువారం పొద్దున ఐలేశం తొట్టి కడిగే గదిలో చనిపోయి ఉన్నాడు. ఇక్కడికి రాకముందు పదిహేనేళ్లు రాతిక్వారీలో పనిచేసి ఛాతీ నిండా దుమ్ము నింపుకున్న మనిషి. అందుకే శవపరీక్ష చేసిన డాక్టరు ఎక్కువ తల బద్దలు కొట్టుకోలేదు. పాత ఊపిరితిత్తుల జబ్బు, గుండె ఆగింది అని రాసిచ్చాడు. శుక్రవారం పూడ్చిపెట్టారు. శనివారం పొద్దున గుర్వమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది.

"మెట్లెక్కలేడు, బరువులెత్తలేడు, గదంత నిజమే సారూ," అంది. "కని గా పొద్దు సచ్చెటట్టు లేకుండె. రెండు రొట్టెలు తిన్నడు. సోమవారం కోర్టుకు పోవాలె, తెల్లంగి ఉతికి పెట్టుమన్నడు. సచ్చెటోడు అంగీ ఉతుకుమంటడా?"

కొంగు ముడి విప్పి ఒక కాగితం ఇచ్చింది. లేబర్ కోర్టు సమన్లు. క్వారీలో దుమ్ము పీల్చి చనిపోయిన పదకొండు మంది కేసులో ఐలేశం సాక్షి. క్వారీ యజమాని, ఈ ల్యాబు యజమాని ఒకడే.

ఖుద్దూస్ ఆ కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు.

తొట్టి కడిగే గదికి కిటికీ లేదు. ఒక పక్క సిమెంటు తొట్టి, దాని అంచున ఫార్మలిన్ మందు డబ్బాలు. తలుపు తెరవగానే కళ్లు మండాయి. గోడకు గాలి వచ్చే ఒక ఇత్తడి కుళాయి, దానికి రబ్బరు గొట్టం, గొట్టం చివర ముఖం మొత్తం కప్పే మాస్కు. మాస్కు మేకుకు వేలాడుతోంది.

"గురువారం నువ్వు ఐలేశంను ఆఖరిసారి ఎప్పుడు చూసినవమ్మా?" అని అడిగాడు.

గది ఊడ్చే రబియా తలుపు దగ్గరే నిలబడింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. లోపలికి రాలేదు.

"పావుతక్కువ పదకొండుకు సాబ్."

"గడియారం చూసినవా?"

"నాకెక్కడి గడియారం? పక్కన నూలుమిల్లు సైరన్ కూస్తది గద, చాయ్ సైరన్. గది కూస్తుంటె నేను ఆయనకు మాస్కు కడుతున్న."

"నువ్వెందుకు కట్టుడు?"

"ఆయన కుడి చెయ్యి భుజం మీదికి లేవది సాబ్. క్వారీల రాయి పడ్డదంట. పట్టీ తలకాయ వెనక బిగించాలె. రోజు నేనే కడ్త, పని అయినంక నేనే విప్పుత."

"మాస్కు లేకుంట ఎన్నడన్న కడిగిండా?"

"ఖుదా కసమ్, ఒక్కనాడు కడగలె. డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. నీ ఊపిరి మొదలే ఖరాబు, గీ మందు పీలిస్తె లేవవు అని. గా మాట అంటే ఆయనకు మస్తు భయం."

"ఆ రోజు తొట్టి కడగాల్సింది మధ్యాహ్నం అని రాసున్నది రిజిస్టర్ల?"

"అవు సాబ్. మధ్యాహ్నం వకీలు కాడికి పోవాలె, పని జల్ది చేసుకుంట అన్నడు. సరే అని కట్టిన. నేను చాయ్‌కి పోయిన. వచ్చినంక చూస్తె..." రబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బోర్ల పడ్డడు. మాస్కు గా మేకుకు ఉండె."

ఖుద్దూస్ రాసుకోవడం ఆపాడు. "మాస్కు మేకుకు ఉండెనా?"

"ఇప్పుడెట్లున్నదో గట్లనే."

"గిది ఎవరికన్న చెప్పినవా?"

"ఎవలడిగిన్రు సాబ్?"

నిజమే. మూడు రోజుల కాగితాల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. ఖుద్దూస్‌కు తన మీద తనకే విసుగొచ్చింది. గురువారం తాను వచ్చి ఉంటే అడిగేవాడు. గురువారం తాను నల్లగొండలో బ్యాలెట్ పెట్టెల పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు.

మాస్కు తీసి తన ముఖానికి పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ మైసయ్య వెనక పట్టీ బిగించాడు. కుడి మోచెయ్యి నడుముకు ఆనించి ఉంచి, ఎడమ చేత్తోనే విప్పుకోవడానికి చూశాడు. బక్కిల్ కుడిపక్కకు ఉంది, బిగుసుకుపోయి ఉంది. వేళ్లు అందలేదు. లోపల తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. రెండు నిమిషాలు పెనుగులాడి చెయ్యి దించేశాడు.

"ఇగ విప్పు," అన్నాడు మైసయ్యతో.

ఐలేశం తనకు తాను ఆ మాస్కు తీసుకోలేడు. ఎవరో విప్పారు. విప్పి, మేకుకు తగిలించి, కింద పడ్డ మనిషిని దాటుకుని, అరవకుండా బయటికి పోయారు.

కుళాయి నుంచి నీలం రంగు ఇనుప పైపు గోడ వెంబడి పోతోంది. ఖుద్దూస్ దాన్ని పట్టుకుని నడిచాడు. పైపు వరండా దాటి, పెద్ద గది గోడలోంచి లోపలికి దూరింది. తలుపు తోసేసరికి నూలుమిల్లు సైరన్ కూసింది. గది లోపలి యంత్రం మీద గడియారం వైపు చూశాడు. సరిగ్గా పది నలభై అయిదు.

గది మధ్యలో గాజుపెట్టె. అందులో ఒక గొర్రె ఊపిరితిత్తులు, గొర్రె లేకుండా, ఊపిరి తీసుకుంటున్నాయి. లేత గులాబి రంగులో పొంగుతున్నాయి, దిగుతున్నాయి. ఖుద్దూస్ చెయ్యి తెలియకుండానే తన ఛాతీ మీదికి పోయింది.

"మొదటిసారి చూసినోళ్లందరు గట్లనే చేస్తరు సార్," అంది డాక్టర్ మంజులత. పెట్టె మీద నుంచి కళ్లు తిప్పలేదు. దేవరకొండ మనిషి, నలభై దాటలేదు కానీ ముఖం వడలిపోయి ఉంది. తనకంటే తక్కువ నిద్రపోయిన మనిషిని ఖుద్దూస్ ఈ వారంలో చూడటం ఇదే మొదలు.

"ఇది దేనికమ్మా?"

"ఒక జీవి ఊపిరితిత్తి తీసి ఇంకో జీవికి పెట్టాలంటే, నడుమ కొన్ని గంటలు మంచుల పెట్టాలె. మంచుల పెట్టినంక లోపల బతికున్నదా, సచ్చిందా, కండ్లతోని చూస్తే తెల్వదు. ఛాతీల కుట్టినంక తెలిస్తే ఏం ఫాయిదా? అందుకే కుట్టకముందే గిట్ల వెచ్చబెట్టి, గాలి ఇచ్చి, ద్రావకం పారిచ్చి పరీక్ష చేస్తం."

"పాస్, ఫెయిల్ ఎట్ల తెలుస్తది?"

ఆమె యంత్రం పక్కన కదులుతున్న కాగితం చుట్టను చూపించింది. మూడు పెన్నులు దానిమీద మూడు గీతలు గీస్తున్నాయి.

"ఎర్రది ఆక్సిజన్. ద్రావకంలకు ఎంత ఆక్సిజన్ ఎక్కించిందో చెప్తది. నీలంది, గాలి ఊదడానికి ఎంత వత్తిడి కావాలెనో. నల్లది బరువు. చెడిపొయ్యే ఊపిరితిత్తి నీళ్లు పట్టి బరువెక్కుతది, గట్టిపడ్తది. అంటే ఎర్ర గీత పడిపోతది, మిగిలిన రెండు లేస్తయి."

"ఎర్రది ఒక్కటే పడిపోతే?"

మంజులత చుట్ట మీద నుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. "గట్ల గాదు సార్."

"గురువారం కాగితం చూపియ్యండి."

అవతలి బల్ల దగ్గర నుంచి ఆమె సహాయ శాస్త్రవేత్త రఘుపతి గబగబా లేచాడు. కళ్లద్దాల మనిషి, మాటకు ముందు తడి లేని పెదవులు నాకుతాడు.

"రిజిస్టర్ ఉన్నది సార్. అయిదు నిమిషాలకొకసారి నా చేత్తోనే రాస్త. అంత సాఫ్ ఉంటది."

రిజిస్టర్ తెచ్చి విప్పాడు. నిజంగానే సాఫ్‌గా ఉంది. పది ముప్ఫై అయిదు, పది నలభై, పది నలభై అయిదు, పది యాభై. ఆక్సిజన్ అంకె పొలం గట్టులా ఒకే మట్టంలో పోతోంది.

"కాగితం చుట్ట," అన్నాడు ఖుద్దూస్.

రఘుపతి బీరువా తాళం తీయడానికి మూడుసార్లు తాళంచెవి మార్చాడు. చుట్ట వచ్చింది. ఖుద్దూస్ బల్ల మీద పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, నిమిషాల గళ్ల వెంబడి వేలు నడిపాడు.

పది నలభై దగ్గర ఎర్ర గీత నిట్టనిలువుగా కిందికి పడింది. పది నలభై రెండు దగ్గర మళ్లీ లేచింది. నాలుగు గళ్లు సమంగా నడిచింది. పది నలభై ఆరు దగ్గర రెండోసారి పడింది. ఈసారి పది యాభై అయిదు దాకా అడుగునే ఉంది. తర్వాత లేచి, ఏమీ జరగనట్టు పాత మట్టంలో పోయింది. ఆ రెండు గుంటల పక్కనా నీలం గీత, నల్ల గీత దారం పట్టి గీసినట్టున్నాయి.

డాక్టరమ్మ ఇప్పుడే చెప్పిన పాఠం ఆయనకు బుర్రకెక్కింది. ఆ ఊపిరితిత్తి చెడిపోలేదు. బరువెక్కలేదు, గట్టిపడలేదు. దానికి అందిన గాలే మంచిది కాదు. అదే నీలం పైపు గాలి. గోడ అవతల ఐలేశం మాస్కులోకి పోయే గాలి.

"రఘుపతి గారూ, గీ గుంటలు మీ రిజిస్టర్ల లేవు."

"మిషన్ తప్పు సార్. అప్పుడప్పుడు..."

"ఒక్కరోజుల రెండుసార్లా?"

రఘుపతి పెదవులు నాక్కున్నాడు.

"ఎన్ని దినాల సంది గిట్ల నున్నగ రాస్తున్నరు?"

రఘుపతి రిజిస్టర్ మూసేశాడు. "ఆర్నెల్లు," అన్నాడు చివరికి. "ఎవరి ప్రాణం మీదికి రాదు గదా అనుకున్న సార్. గొర్రెలే గదా. కని ఆ రోజు నేను ఈ కుర్చీల నుంచి లేవలె. కావాలంటే డాక్టరుగారిని అడగండి. ఆమెనే బయటికి పోయిచ్చింది."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఎప్పుడు పోయింది?"

"పది నలభై కంటె జరంత ముందు. మూడు నాలుగు నిమిషాలకే వచ్చింది. వచ్చినప్పటి సంది రబియా కేక వినేదాక ఇక్కడ్నే, నా బల్ల పక్కకే నిలబడి రిజిస్టర్ల నేను రాసేదే చూస్తున్నది."

మంజులత గాజుపెట్టెనే చూస్తోంది. ఖుద్దూస్ ఆమెను ఏదో అడగబోయేంతలో తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా ఖుద్దూస్! ఇంకా ఈ గొర్రెల కొట్టంలోనే ఉన్నావా?"

పరంధామరావు. రిటైరైన డీఎస్పీ, ఇప్పుడు ఈ యజమానికి ఉన్న కంపెనీలన్నిటికీ విజిలెన్స్ అధికారి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల సఫారీ, చూపుడువేలికి గిరగిరా తిరిగే కారు తాళాలు. పన్నెండేళ్ల కింద అమ్రాబాద్ అడవిలో కలప దొంగల వెంట నలభై రోజులు నడిచింది ఖుద్దూస్. పేపర్లో ఫోటో పడింది మాత్రం ఈయనది.

"సలాం సార్. ఇయ్యాల పని వడ్డది."

"పనేముంది? పోస్ట్‌మార్టం అయింది, రిపోర్టు వచ్చింది, పూడ్చారు. రాళ్లు కొట్టుకునేవాడి గుండె ఎప్పుడో అప్పుడు ఆగుతుంది. అది నేరమా?" అంటూ బల్ల మీది చుట్ట చూశాడు. "ఆ కాగితం కంపెనీది. ఇలా ఇచ్చెయ్."

ఖుద్దూస్ చుట్టను నెమ్మదిగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "గిప్పటి సంది గిది పోలీసులది సార్."

"గిది, గది!" పరంధామరావు నవ్వాడు. "ముప్ఫై ఏళ్ల సర్వీసు చేశావు, నీ భాష మాత్రం బాగుపడలేదయ్యా."

"బాగుపడితే గుర్వమ్మ చెప్పేది నాకు సమజ్ గాదు సార్. సోమవారం ఐలేశం కోర్టుకు పోవాల్సుండె. మీకు ఎరుకేనా?"

"క్వారీ వేరు, ఇది వేరు. అయినా నన్ను అడుగుతావేంటి? గురువారం నేను హైదరాబాదులో ఉన్నాను. కబురందేసరికి మధ్యాహ్నం రెండయింది, ఇక్కడికొచ్చేసరికి నాలుగు." గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. "చూడు, వయసు మీద పడింది నీకు. కళ్లు చూసుకో, ఎలా ఉన్నాయో. ఇంటికెళ్లి పడుకో. గొర్రె ఊపిరితిత్తిని బోనెక్కించి సాక్ష్యం చెప్పిస్తావా? ఊరంతా నవ్వుతుంది."

అలసిన మనిషికి కోపం త్వరగా వస్తుంది, మాట అంతకంటే త్వరగా జారుతుంది.

"గొర్రెను ఎందుకెక్కిస్త సార్? మనిషినే ఎక్కిస్త. ఐలేశంకు మాస్కు పట్టీ కట్టిన మనిషి ఉన్నది. ఎన్ని గంటలకు కట్టిందో గూడ చెప్తది. ఇగ విప్పిందెవడో తేలుడే మిగిలింది."

వేలి మీద తాళాలు తిరగడం ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత పరంధామరావు తల ఊపాడు.

"నీ ఇష్టం. సాయంత్రం డీఎస్పీకి నువ్వే చెప్పుకో."

అంత తేలిగ్గా వెళ్లిపోతాడని ఖుద్దూస్ అనుకోలేదు. అది కొంచెం వింతగానే తోచింది కానీ, మోకాలు సలుపుతోంది, తల దిమ్ముగా ఉంది, డాక్టరమ్మ ఎదురుగా ఉంది. పట్టుకున్న కొస వదలకూడదని అనిపించింది.

"సిలిండర్లు ఎక్కడుంటయో చూపియ్యండమ్మా," అన్నాడు.

షెడ్డు వెనక, రేకుల పందిరి కింద సిలిండర్లు వరసగా గొలుసు వేసి ఉన్నాయి. ఒక పక్క గాలి నింపే కంప్రెసర్, దాని నుంచి నీలం పైపు. ఇంకో పక్క నైట్రోజన్ సిలిండర్లు, వాటి నుంచి నల్ల పైపు. రెండూ ఒకచోట కలుస్తాయి. కలిసేచోట అరచెయ్యంత ఇత్తడి పిడి.

మైసయ్యను పందిరి బయట నిలబెట్టి, ఖుద్దూస్ ఒక ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. నిలబడి అడిగే ఓపిక లేదు.

"గీ పిడి ఎందుకు?"

"పొద్దున ఆక్సిజన్ మీటరు సున్నా చూసుకోను. దీన్ని తిప్పితే నీలం పైపుల గాలి బదులు నైట్రోజన్ పోతది. ఒక్క నిమిషం చూసి మళ్ల తిప్పుతం."

"గది మనిషి పీలిస్తే?"

"రంగుండది. వాసనుండది. ఊపిరాడుతలేదని గూడ అనిపియ్యది సార్. నాలుగైదు సార్లు పీల్చేసరికి తెలివి పోతది. అయిదారు నిమిషాలల్ల..." ఆమె ఆపేసింది.

"గురువారం తిప్పిందెవరు?"

ఆమె ఇత్తడి పిడి వైపు చూసింది.

"నేనే," అంది మంజులత.

ఖుద్దూస్ కదల్లేదు. మనుషులు ఆ మాట అన్నాక మిగిలింది వాళ్లే చెప్తారని ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్నాడు.

"రఘుపతి రాసే అంకెల మీద నాకు ఎప్పటి సందో అనుమానమే. ఏ ఊపిరితిత్తి పెట్టినా బాగున్నదనే రాస్తడు. వచ్చే నెల ఈ లెక్కలు మద్రాసుల ఒక దవాఖానకు పోవాలె. వాళ్లు వీటిని నమ్మి మనిషికి పెడ్తరు సార్. మనిషికి! నిలదీస్తే ఒప్పుకోడు. అందుకని చెప్పకుంట రెండు నిమిషాలు గాలి మార్చి చూద్దామనుకున్న. ఎర్ర గీత పడిపోతది. పడ్డదని రాస్తడా, దాచిపెడ్తడా చూడాలె. అంతే. రెండే నిమిషాలు." ఆమె రెండు వేళ్లు చూపించింది. "తొట్టి కడిగేది మధ్యాహ్నం. ఆయన ఆ పూట ముందుగాల మొదలువెట్టిండని నాకు తెల్వదు. ఆయనను పనిల పెట్టిచ్చింది నేనే సార్. ఎక్స్‌రే తీపిచ్చింది నేనే. గొర్రె ఊపిరి నాకు అతుకుతదా డాక్టరమ్మా అని నవ్వుకుంట అడిగేటోడు. మాస్కు లేకుంట కడగకు అని భయం పెట్టింది గూడ నేనే. మూడు దినాల సంది అన్నం ముందట కూసుంటున్న, లేస్తున్న."

"కాగితం చుట్ట మళ్ల చూసిన్రా?"

"చూసే ధైర్యం ఏడున్నది? రఘుపతి బీరువల పెట్టిండు. నేను ముట్టలె."

ఖుద్దూస్ చంకలోని చుట్ట తీసి తన మోకాళ్ల మీద పరిచాడు. "ఎన్ని గంటలకు తిప్పిన్రు?"

"పది నలభైకి. పది నలభై రెండుకు మళ్ల గాలికి పెట్టిన. చేతిగడియారం చూసుకుంటనే చేసిన."

"గిదిగో, గా గుంట మీది." వేలు పెట్టి చూపించాడు. "ఐలేశంకు రబియా మాస్కు కట్టింది సైరన్ కూసినప్పుడు. పది నలభై అయిదుకు. అప్పటికి మీ నైట్రోజన్ పోయి మూడు నిమిషాలైంది. ఆయన నిలబడ్డడు, మాట్లాడిండు, వకీలు కాడికి పోతనన్నడు."

ఆమె అర్థం కానట్టు చూసింది. ఆయన వేలు నాలుగు గళ్లు జరిగింది.

"గిది రెండోది. నలభై ఆరుకు మొదలైంది, తొమ్మిది నిమిషాలున్నది. ఆ తొమ్మిది నిమిషాలు మీరు రఘుపతి పక్కన ఉన్నరు. ఆయనే చెప్పిండు, మిమ్మల్ని కాపాడాలనే ప్రేమ ఆయనకేం లేదు."

మంజులత కాగితం మీదికి వంగింది. గుంట అంచు మీద వేలు పెట్టింది. ఆ వేలు అటు చివరికి, ఇటు చివరికి రెండుసార్లు నడిచింది. తర్వాత పక్కనున్న సిలిండరు పట్టుకుని నేల మీద కూలబడింది. ఏడుపు రావడానికి కొంచెం సమయం పట్టింది. వచ్చాక ఆగలేదు.

ఖుద్దూస్ ఆమెను ఏడవనిచ్చాడు. గొంతు కాస్త తెరిపిన పడ్డాక అడిగాడు.

"మీరు గిది తిప్పుడు ఎవరన్న చూసిన్రా అమ్మా?"

ఆమె ముఖం పైకెత్తింది. కళ్లలో నీళ్లు అలాగే ఉన్నాయి కానీ చూపు మారింది.

"చూసినాయనే నాకు చెప్పిండు సార్, ఐలేశం నా చేతుల మీదనే పోయిండని."

"ఎవరు?"

"మళ్ల గాలికి పెట్టి వస్తుంటే వరండాల నిలబడి ఉన్నడు. ఏం చేస్తున్నారు డాక్టరుగారూ, అని అడిగిండు. పెద్దమనిషి గదా, దాచేదేముందని చెప్పిన. గా పిడి ఎట్ల పనిచేస్తదో గూడ చెప్పిన." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఐలేశం పోయినంక నన్ను పక్కకు పిలిచిండు. మీరు మార్చిన గాలికే పోయాడమ్మా, మీకోసమే మాస్కు విప్పి మేకుకు పెట్టాను, ఇక మీరు నోరు మెదపకండి, అన్నడు. మూడు దినాలు ఆయనకు రుణపడి ఉన్ననని అనుకుంటున్న."

"పేరు చెప్పండి."

"పరంధామరావు గారు."

"గురువారం పొద్దున హైదరాబాద్‌ల ఉన్నడు గద."

"లేడు సార్. తొమ్మిదింటికే వచ్చిండు. గేటు కాడ ఐలేశంతోని శానాసేపు మాట్లాడిండు. ఐలేశం తలకాయ అడ్డం ఊపుడు నేను కిటికీల నుంచి చూసిన."

ఖుద్దూస్ లేచాడు. మోకాలి సంగతి మరిచిపోయి లేచాడు కాబట్టి నొప్పి తొడ దాకా పాకింది. ఇందాక గాజుపెట్టె గదిలో, ఆ తాళాల ముందు, తన నోటితో తాను అన్న మాట గుర్తొచ్చింది. మాస్కు కట్టిన మనిషి ఉన్నది. ఎన్ని గంటలకు కట్టిందో గూడ చెప్తది.

తొట్టి కడిగే గదిలో పనిచేసే ఆడమనిషి ఒక్కతే.

"మైసయ్యా! రబియా ఏది?"

పందిరి బయట నుంచి మైసయ్య పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దసారు కారుల పోయింది సార్. వాంగ్మూలం రాపిచ్చుకోవాలన్నడు. అర్ధగంట దాటింది."

"ఏ దిక్కు పోయిన్రు? హైదరాబాదా?"

"కాదు సార్. కల్వకుర్తి రోడ్డు."

కల్వకుర్తి దాటాక ఆ రోడ్డు మీద ల్యాబు యజమానికి ఆ క్వారీ తప్ప ఏమీ లేదు. ఖుద్దూస్ చేతిలోని కాగితం చుట్టను మంజులత చేతిలో కుక్కి, జీపు వైపు కుంటుతూ పరుగెత్తాడు. "వైర్‌లెస్ కలుపు! పరంధామరావు కారు, క్వారీ దారి, ఏ స్టేషనోడు దగ్గరుంటే వాడు అడ్డం పెట్టాలె. నీకు ఎక్కనియ్యొద్దని అనిపియ్యలేదారా?"

మైసయ్య జీపు తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఆమె ఎక్కనన్నది సార్. మూడుసార్లు అన్నది. ఖుద్దూస్ సాబే తోల్కరమ్మన్నడని చెప్పిండు ఆయన. గప్పుడు ఎక్కింది."